నాన్న చేతి రంగు

ముక్కు మీద కోపం పెట్టుకు తిరిగే మా నాన్నకి,

నేను ఫోన్ చేసిన ప్రతిసారీ నువ్వు దాన్ని అమ్మ చేతిలో పెట్టేసి పెరట్లోకి వెళ్ళిపోతున్నావని తెలిసింది. అందుకే ఈ ఉత్తరం. కవరు మీద నీ పేరే రాశాను కాబట్టి నువ్వే చింపాలి. చదవకుండా ఎక్కడైనా పడేశావో, అమ్మ గుమ్మంలో నిలబడి గట్టిగా పైకి చదువుతుంది. అలా చదవమని నేనే చెప్పాను. అప్పుడు పక్కింటివాళ్ళు కూడా వింటారు. బుద్ధిగా కూర్చుని చదువు.

సెలూన్ మూసేశావని అమ్మ చెప్పింది. మొదట నడుం నొప్పి అంది. తరవాత కుర్చీకి రిపేరు వచ్చిందంది. నేను నిలదీస్తే ఏడ్చేసింది. చేతుల మీది తెల్లమచ్చలు వేళ్ళ దాకా పాకాయనీ, నువ్వు గడ్డం గీస్తుంటే ఎవరో మొహం పక్కకి తిప్పేసుకున్నారనీ, ఆ సాయంత్రమే షట్టర్ దించేసి తాళంచెవి తెచ్చి అమ్మ సూదీదారాల డబ్బాలో పడేశావనీ అంతా చెప్పింది. నాన్నా, ఆ మొహం తిప్పుకున్న పెద్దమనిషి ఎవరో నాకొక్కసారి చూపించు. ఆయన నెత్తిన మిగిలిన నాలుగు వెంట్రుకలూ నేనే పీకుతాను. బొల్లి అంటుకునేది కాదని డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు కదా? ముట్టుకున్నా రాదు, ఒకే తువ్వాలు వాడినా రాదు. ఆ సంగతి నీకు తెలుసు. కుర్చీలో కూర్చునేవాళ్ళకి తెలియదు, నీకు చెప్పడానికి నోరు రాదు. అక్కడే వచ్చింది చిక్కంతా.

నీ కుర్చీలో కూర్చుని నిద్రపోయినవాళ్ళని ఎంతమందిని చూశానో నాకు గుర్తు. గొంతు కింద కత్తి ఆడుతుంటే గురక పెట్టేవాళ్ళు! అంత నమ్మకంగా పనిచేసిన చేతుల్ని ఇప్పుడు ఇంటికి ఎవరైనా వస్తే తువ్వాలు కింద దాచుకుంటున్నావట. అది వినగానే నాకు తల కొట్టేసినట్టయింది. నీ మీద కోపం కూడా వచ్చింది. ఏం, కోపం నీ ఒక్కడి సొత్తా?

నేనిక్కడ ఏం పని చేస్తానో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. నువ్వు 'సోకుల షాపు' అని తీసిపారేస్తావు. నిజానికి మనిద్దరి పనీ ఒకటే నాన్నా, ముక్కూ మొహం తెలియనివాళ్ళ మొహాలు పట్టుకోవడం. పెద్ద షాపు కింది అంతస్తులో గాజు తలుపు పక్కనే నా కౌంటర్. ఎత్తు స్టూలు, గుండ్రటి అద్దం, లేతరంగు నుంచి ముదురు దాకా వరసగా, మొహానికి రాసే ఫౌండేషన్ సీసాలు. వచ్చినవాళ్ళు స్టూలెక్కి కూర్చోగానే ముంజేతి మీద ఒక చుక్క వేసుకుని చూసుకుంటారు. 'చేతి మీద కాదండీ, దవడ మీద' అంటాను. మొహమూ మెడా కలిసేది అక్కడే, అక్కడ కుదిరితే అంతా కుదిరినట్టే. రాశాక ట్యూబులైటు కింద చూడనివ్వను, గాజు తలుపు బయటికి తీసుకెళ్ళి ఎండలో చూపిస్తాను. అప్పుడైనా వెంటనే కొననివ్వను. ఆరేకొద్దీ రంగు కాస్త ముదురుతుంది, ఆగి చూడాలి. ఇంతా చేస్తే ఒక్క సీసా అచ్చంగా ఎవరికీ సరిపోదు. చర్మం అడుగున ఇంకో రంగు దాగి ఉంటుంది, కొందరికి పసుపు, కొందరికి ఎరుపు. అందుకని రెండు మూడు సీసాల్లోంచి చుక్కా చుక్కా తీసి, పలక మీద కలిపి, మళ్ళీ దవడ మీద గీత పెడతాను. ఆ గీత ఎక్కడ పెట్టామో కనబడకుండా పోయిందంటే, అదీ ఆ మనిషి రంగు.

మొన్నొక హెడ్మిస్ట్రెస్ వచ్చింది. 'ఒక మెట్టు తెల్లగా ఉండేది ఇవ్వమ్మా' అంది. 'ఇస్తాను గానీ మేడమ్, మీ మొహం ముందు స్కూలుకి వెళ్ళిపోతుంది, మెడ తరవాతి బస్సులో వస్తుంది' అన్నాను. కోప్పడుతుందేమోనని భయపడ్డాను. పగలబడి నవ్వి, తన రంగే కలిపించుకుని వెళ్ళింది. అందరూ ఇలా వింటారనుకోకు. 'ఈ పిల్లది వాగుడెక్కువ' అని పక్క కౌంటర్‌కి పోయినవాళ్ళూ ఉన్నారు.

ఇక అసలు విషయం. ఈ ప్యాకెట్లో ఉన్న సీసా నీ కోసమే. నీ చెయ్యి ఎదురుగా లేకుండా రంగెలా కలిపావంటావా? 'నాన్న పోలిక, నాన్న రంగు, నాన్న కోపం' అని పుట్టినప్పటి నుంచీ అందరూ అంటూనే ఉన్నారుగా. నా దవడ మీద సరిచూసుకుని కలిపేశాను. చేతులు కడిగి, బాగా తుడిచి, కొంచెమే తీసుకుని స్పాంజితో అద్దాలి. గోడకి సున్నం వేసినట్టు రుద్దకు. ఆరాక పైన పౌడరు అద్దు. ఒకవేళ రంగు కాస్త అటూ ఇటూ అయితే కలుపుకోవడానికి రెండు చిన్న డబ్బాలు కూడా పెట్టాను, ఒకటి లేత, ఒకటి ముదురు. సోమవారం షట్టర్ ఎత్తు నాన్నా. నువ్వు పెరట్లో మొక్కలకి కత్తెరలు వేస్తున్నావట, అవి బిక్కచచ్చి ఉన్నాయని అమ్మ చెబుతోంది. వాటినైనా కాపాడు.

నీ గుండు
(పేలు పడ్డాయని నున్నగా గీసేసి ఆ పేరు పెట్టింది నువ్వే. ఇప్పుడు ఏడ్చి లాభం లేదు.)

*

మా గుండుకి,

నీ ఉత్తరం నేనే చింపాను, నేనే చదివాను. మీ అమ్మ నా భుజం మీంచి చదివింది. నేనింకా మొదటి కాగితంలో ఉండగానే ఆమె ముగించేసి ముక్కు చీదుకోవడం మొదలెట్టింది.

నువ్వు రాసినట్టే చేతులు కడిగాను, తుడిచాను, అద్దాను. కిటికీ దగ్గర నిలబడి చూసుకుంటే ఎవరి చేతులో అరువు తెచ్చుకున్నట్టున్నాయి. నీ రంగు నా రంగు కాదే పిచ్చిదానా. జనం మాట పట్టుకుని మోసపోయావు. ఒకప్పుడు ఒకటే రంగు అయ్యుండొచ్చు. నువ్వు ఎండలో తిరిగే పిల్లవి, నేను నీడన నిలబడి పనిచేసేవాణ్ణి, పైగా వయసు మీద పడి పసుపు తిరిగాను. మీ అమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది. అయినా ఊరుకున్నానా? జుట్టుకి రంగులు కలిపీ కలిపీ అరిగిన చేతులివి. నా రంగుగిన్నె, బ్రష్షూ తీసి, నువ్వు పంపిన డబ్బాల్లోంచి కొంచెం లేతది కలిపాను. మీ అమ్మని న్యాయనిర్ణేతగా నిలబెట్టాను. 'ఇంకాస్త. అబ్బే, ఎక్కువైంది. మళ్ళీ మొదలెట్టండి' అంటూ పొద్దున్నంతా నన్ను ఆడించింది. చివరికి కుదిరింది. నిజం చెప్పొద్దూ, నా చేతులు నాకు మళ్ళీ కనబడ్డాయి. కాసేపు అలా చూస్తూ కూర్చున్నాను.

సోమవారం షట్టర్ ఎత్తాను. మొట్టమొదట తాళాలాయన వచ్చాడు. మన ఎదురు వరసలో తాళంచెవులు చేసే ఆయనే, చిన్నప్పుడు నీకు తుప్పు పట్టిన చెవులు గుత్తిగా కట్టి ఇచ్చేవాడు చూడు. 'ఇన్నాళ్ళూ ఏమైపోయావయ్యా, మా ఆవిడ నన్ను ఎలుగుబంటి అంటోంది' అంటూ కూర్చున్నాడు. మెడకి తెల్లగుడ్డ కట్టాను. వేడినీళ్ళలో బ్రష్ ముంచి, నురగ ఎత్తి, అలవాటు కొద్దీ వేళ్ళతో చెంపలు రుద్దాను. కుడి చెంప గీశాను. ఎడం వైపు తిరిగేసరికి నురగ టీ రంగులో ఉంది. గుడ్డ మీద నా వేళ్ళ ముద్రలు మట్టిరంగులో పడి ఉన్నాయి. నువ్వు చెప్పినవన్నీ చేశాను గానీ, మంగళ్ళ చెయ్యి రోజంతా సబ్బునీళ్ళలోనే ఉంటుందని నీకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. ఇద్దరికిద్దరం సరిపోయాం.

'ఏంటయ్యా ఇది, నా మొహానికి తుప్పు పడుతోందా?' అన్నాడాయన అద్దంలోకి చూసి. నవ్వేసి ఊరుకుంటే పోయేది. నాకెక్కడలేని ఉక్రోషం వచ్చింది. దవడ కింద కత్తి ఆనించి పని చేస్తూనే చెప్పేశాను: 'తుప్పు కాదు, నా చేతి రంగు కరుగుతోంది. నాకు బొల్లి. మీకేమైనా అభ్యంతరమా?' ఆయన ఉలకలేదు, పలకలేదు. బొమ్మలా కూర్చున్నాడు. అద్దంలో నన్నే చూస్తున్నాడు. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను. కత్తి బల్ల మీద పెట్టేసి తెర వెనక్కి వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి కుర్చీ ఖాళీ. సగం గడ్డంతో, నడిబజార్లో, అందరూ చూస్తుండగా నడిచి వెళ్ళిపోయాడు. నా చేతి కింద ఇంకో నిమిషం కూర్చోవడం కంటే అదే నయమనుకున్నాడన్నమాట. ఇక చాలు. సెల్‌ఫోన్లు బాగుచేసే అతను ఆ గది కావాలని తిరుగుతున్నాడు. నెలాఖరుకి ఇచ్చేస్తానని చెప్పాను. ఇలాంటివి మళ్ళీ పంపకు. నీ తప్పేం లేదు.

ఒక్క మాట మాత్రం అడగాలి. ఆ సీసా మూతి చుట్టూ రంగు ఎండి పొరలు పొరలుగా పేరుకుని ఉంది. కొత్తగా కలిపిన సీసా అలా ఉండదు. రోజూ తీసి, కొంచెం వాడి, మళ్ళీ మూసేది అలా ఉంటుంది. జుట్టు రంగు సీసాలతో బతికినవాణ్ణి, నాకు తెలియదనుకున్నావా? అది నా కోసం కలిపింది కాదు. ఎవరు వాడుతున్న సీసా అది?

నాన్న

*

ఏ సీసానీ వదలని మా నాన్నకి,

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నీ ఉత్తరం చివరికి వచ్చేసరికి నా చెయ్యి దవడ మీదికి పోయింది. అడ్డంగా దొరికిపోయాను. ఇక దాచి లాభం లేదు. ఆ సీసా నాది నాన్నా. నీ కోసం కలపలేదు. నేను రోజూ పొద్దున్నే రాసుకునే దాంట్లోంచి సగం వేరే సీసాలోకి ఒంపుకుని, పాతది నీకు పంపాను. కొత్తది కలిపే తీరిక లేక కాదు. నాకు ఇంత బాగా పనికొచ్చింది నీకూ పనికొస్తుందనుకున్నాను. 'నాన్న రంగు' అని అందరూ అన్న మాట నిజమే అనుకున్నాను.

ఎడం చెవి కింద, దవడ మీద, చింతగింజంత మచ్చ. ఇక్కడికి వచ్చిన కొత్తలో కనబడింది. సబ్బు పొరపాటున అంటుకుందేమోనని గోకాను. పోలేదు. నీ మోచేతి మీద మొదటిది కూడా అలాగే వచ్చిందని అమ్మ చెప్పింది గుర్తొచ్చి, హాస్టల్ స్నానాలగదిలో కొళాయి తిప్పేసి, చప్పుడు బయటికి వినబడకుండా ఏడ్చాను. మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. నీకు చెప్పినవే నాకూ చెప్పింది. మందు రాసింది, వాడుతున్నాను, అది పెరగడం లేదు, తరగడమూ లేదు. ఆ తరవాతే నేను రంగులు కలపడం నేర్చుకున్నాను. నాకు షాపులో ఎవరూ నేర్పలేదు. అందరూ నా చెయ్యి మంచిదంటారు, ఎవరి మొహం చూసినా క్షణంలో రంగు కలిపేస్తానంటారు. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో వాళ్ళకేం తెలుసు. పొద్దున్నే తలుపు గడియ పెట్టుకుని, కలుపుతూ, తుడుస్తూ, మళ్ళీ కలుపుతూ, అద్దం తీసుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తుతూ, ఏడుస్తూ నేర్చుకున్నాను. మొదట్లో ఆ చోట గోధుమపిండి అంటుకున్నట్టుండేది. తరవాత ఎర్రగా కందినట్టుండేది. ఒకనాడు మచ్చ ఎక్కడుందో నాకే దొరకలేదు. ఆ రోజు ఎంత సంబరపడ్డానో! ఆ సంబరం ఎవరితోనూ చెప్పుకోలేకపోయాను.

నీకెందుకు చెప్పలేదో చెప్పనా? ఒకసారి నువ్వు వెనక గదిలో కూర్చుని చేతులు చూసుకుంటూ, 'దేవుడా, ఇది నాతోనే పోవాలి, నా బిడ్డ జోలికి రాకూడదు' అనుకోవడం విన్నాను. నీళ్ళ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆ మాట విన్నాక నీకెలా చెప్పను నాన్నా? నీ మొక్కు ఫలించలేదని నీ మొహాన చెప్పాలా? నిన్ను తప్పుపట్టానని నువ్వు అనుకుంటావేమోనని నా భయం. ఒట్టు, ఒక్కరోజు కూడా అలా అనుకోలేదు.

ఇప్పుడు నా మెడకి ఒక ఉచ్చు పడింది. మా షాపులో నెలాఖరున ఒక ఉదయం కస్టమర్లందరి ముందూ ప్రదర్శన ఉంటుంది. కౌంటర్ అమ్మాయి స్టూలు మీద కూర్చుని, మొహం శుభ్రంగా కడుక్కుని, ఏమీ లేని చర్మం మీద మొదటి నుంచీ రంగెలా కుదర్చాలో చూపించాలి. ఈసారి నన్నే చెయ్యమని మా మేడమ్ పట్టుబట్టింది. పోయినసారి పంటినొప్పి అన్నాను. అంతకుముందు జ్వరం అన్నాను. 'నీకు రోగాలన్నీ నెలాఖరుకే వస్తాయేమే' అంది ఈసారి. ఇక తాడో పేడో తేలాలి. మొహం కడగాలి, లేదా ఉద్యోగం మానేసి ఇంటికి వచ్చేయాలి.

నేను నీ వైపే చూస్తున్నాను నాన్నా. నువ్వు గది ఖాళీ చేసి పెరట్లో కూర్చున్నావనుకో, నేనూ వచ్చి నీ పక్కనే కూర్చుంటాను. ఇద్దరం కలిసి మొక్కలకి కత్తెరలు వేద్దాం. నువ్వు షట్టర్ ఎత్తావనుకో, ఉత్త చేతులతో ఎత్తావనుకో, నేను మొహం కడుక్కుంటాను. బెదిరింపు అనుకోకు, బేరం. ఇంకోటి, ఆ తాళాలాయన నీతో ఏమన్నాడు? ఏమీ అనలేదు. అనాల్సిందంతా నువ్వే ఊహించుకుని, నువ్వే బాధపడి, నువ్వే షట్టర్ దించేశావు. ఒక్కసారి వెళ్ళి ఆయన్నే అడగరాదూ?

చేతికి నిలవని రంగు పంపినందుకు క్షమించు. నా దవడని ఎవరూ సబ్బునీళ్ళలో ముంచరు కదా, నాకు తట్టలేదు.

నీ గుండు

*

నా తల్లికి,

నీ ఉత్తరం నిలబడి చదవడం మొదలుపెట్టి, చింతగింజ దగ్గర కూర్చుండిపోయాను. ఈసారి మీ అమ్మని చదవనివ్వలేదు. తరవాత నేనే చెప్పాను. అప్పుడు మీ అమ్మ అంది, 'పోలిక మీదే, రంగు మీదే, కోపం మీదే అని ఊరంతా డప్పు కొట్టుకు తిరిగారు. ఇదొక్కటి వస్తే మాత్రం మొహం మాడ్చుకుంటారేం?' అని. మీ అమ్మ నోట్లో నాలుక లేదని అందరూ అనుకుంటారు. ఉంది. దాచుకుంటుంది, అంతే.

నువ్వు విన్నావని నాకు తెలియదు బంగారూ. నా మొక్కు ఫలించనందుకు దేవుడి మీద కోపం వచ్చింది, నా రక్తం మీద కోపం వచ్చింది. నువ్వు ఒంటరిగా ఆ హాస్టల్ గదిలో ఏడ్చావన్న చోట ఆగి మళ్ళీ మళ్ళీ చదివాను. నేను చేతులు దాచుకుని నీకు దాచుకోవడం నేర్పానని తలుచుకుంటే సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ రాయలేను. కళ్ళజోడు మసకబారుతోంది.

మర్నాడు తాళాలాయన దగ్గరికి వెళ్ళాను. ఆకురాయి పెట్టి ఏదో తాళంచెవి అరగదీస్తున్నాడు. గడ్డం ఎడం వైపున గాటు, దాని మీద కాగితం ముక్క. 'ఆ రోజు నేనడిగినదానికి మీరు బదులు చెప్పలేదు' అన్నాను. ఆయన చేతిలోది కింద పెట్టి నా వైపు చూశాడు.

'ఏమయ్యా, నీకసలు బుర్రుందా? గొంతు మీద కత్తి పెట్టి అభ్యంతరమా అని అడిగితే ఎవడైనా నోరు మెదుపుతాడా? మెదిపితే తెగదూ?'

నేను ఆయన ఎదురుగా చతికిలబడ్డాను.

'మరి లేచి వెళ్ళిపోయారెందుకు?'

'నువ్వు తెర వెనక్కి పోయావు. రెండుసార్లు పిలిచాను. వెక్కిళ్ళు వినబడ్డాయి. మగాడు ఏడుస్తుంటే ఏం చెయ్యాలో నాకు చేతకాదయ్యా. మా బావ పోయినప్పుడు కూడా మా చెల్లెల్ని ఓదార్చాను గానీ మేనల్లుడి దగ్గరికి పోలేకపోయాను. అందుకే వచ్చేశాను. మిగతా సగం మా ఆవిడ చేత గీయించుకున్నా. ఇదిగో చూడు నిర్వాకం!' అని గాటు చూపించాడు. 'ఇంతకీ షాపెప్పుడు తీస్తావు? ఆవిడ చేతికి కత్తి ఇవ్వడం నాకు క్షేమం కాదు.'

నేను వెక్కానని నీకు పోయిన ఉత్తరంలో రాయలేదు. తండ్రినన్నాక కొన్ని దాచుకోవాలి. ఇప్పుడు నువ్వు దాచింది బయటపడింది కాబట్టి నాదీ చెబుతున్నాను, చెల్లుకు చెల్లు.

షట్టర్ ఎత్తాను. ఉత్త చేతులతోనే. సెల్‌ఫోన్ల అతనికి గది ఇవ్వనని చెప్పేశాను, మొహం ముడుచుకున్నాడు గానీ క్షవరం మాత్రం చేయించుకుని వెళ్ళాడు. నా పద్ధతి కాస్త మార్చుకున్నాను. మనిషి కూర్చోగానే, మెడకి గుడ్డ కట్టకముందే, చేతులు రెండూ చూపించి, 'ఇది బొల్లి, అంటుకునేది కాదు, మీ ఇష్టం' అంటున్నాను. కత్తి పట్టక ముందే అడుగుతున్నాను సుమా, గొంతు మీద పెట్టాక కాదు. అందరూ కూర్చుంటున్నారని అబద్ధం చెప్పను. ఒకాయన 'పనుంది, మళ్ళీ వస్తా' అని లేచి వెళ్ళాడు, ఆయన మళ్ళీ రాడు. మొదట మొహం తిప్పుకున్న మనిషి వీధికి అవతలి వైపు నుంచి నడుస్తున్నాడు. ఆయన లేచి వెళ్ళిన రోజు అన్నం సయించలేదు. కానీ తెల్లారితే మళ్ళీ కాళ్ళు అటే పోతున్నాయి. నిన్న ఒక ముసలాయన నేను చెప్పింది మొత్తం విని, 'చెవిలో వెంట్రుకలు కూడా తీస్తావా?' అని అడిగాడు, అంతే. ఆయనకి నా చేతులతో పని లేదు, చెవులతోనే పని. ఆయన కుర్చీలో కూర్చుని నిద్రపోయాడే గుండూ. చాలా రోజులైంది, నా చేతి కింద మనిషి నిద్రపోయి. మెల్లిగా, చప్పుడు కాకుండా కత్తిరించాను.

బేరంలో నా వంతు అయింది. నీ వంతు నీ ఇష్టం. కడగనని అంటే నేనేమీ అనను, రోజూ రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు, మనిషి ముచ్చటపడి రాసుకోవడం వేరు. భయంతో మాత్రం రాసుకోకు, ఆ భయం నా దగ్గర నేర్చుకున్నది. ఇంటికి వచ్చేస్తానన్నావు, నీ ఇల్లే, ఎప్పుడైనా రా. పెరట్లో కూర్చోవడానికి మాత్రం రావద్దు, మొక్కలన్నీ అయిపోయాయి.

మీ మేడమ్‌తో ఒక మాట చెప్పు. ప్రదర్శన రోజు స్టూలెక్కడానికి ఇంకో మనిషి దొరికాడని చెప్పు. ఆ రోజుకి షాపు మూసి, ముందు రాత్రే బస్సెక్కి నేనూ మీ అమ్మా వస్తున్నాం. ముందు నువ్వు మొహం కడుక్కో. నీ చింతగింజ నేనింకా చూడనేలేదు, అందరితో పాటు చూస్తాను. తరవాత నేను నీ స్టూలెక్కి, చొక్కా చేతులు మడిచి, రెండు చేతులూ నీ బల్ల మీద చాపుతాను. ఎండలోకి తీసుకెళ్తావో, ఆరేదాకా కూర్చోబెడతావో నువ్వు చెప్పినట్టే వింటాను. కానీ ఈసారి నీ దవడ చూసి కలపడం కుదరదు, నా చెయ్యి చూసి కలపాలి. రెండు సీసాలు కలపాలి. మట్టిరంగులో ఉన్న చోటికి అచ్చంగా సరిపోయేది ఒకటి, తెల్లబడిన చోటికి అచ్చంగా సరిపోయేది ఒకటి. ఒకదానితో రెండోదాన్ని కప్పమని అడగడం లేదు. రెండూ నా రంగులే. ఏ ఒక్కటి తప్పినా, మీ మేడమ్ ముందే నీ పరువు తీస్తాను.

నీ నాన్న